మెట్ట నేల పిట్టల దారిలో: రోళ్లపాడు నుంచి లంకమల దాకా

రాయలసీమలో 1988లో రెండు అభయారణ్యాలు ఏర్పడ్డాయి. ఒకటి అప్పటి కర్నూలు జిల్లాలో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం కేటాయించిన రోళ్లపాడు. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు. రెండోది కడప జిల్లాలో కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్) బతికిన చిట్టడవిని కాపాడే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం. అది 464 చదరపు కిలోమీటర్లు. పులికీ ఏనుగుకీ కాకుండా నేల మీద నడిచే రెండు పిట్టల కోసం మన కరువు సీమ ఇంత భూమిని పక్కన పెట్టిందన్న సంగతి నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. ఆ పిట్టలు రెండూ ఇవాళ అంతరించిపోయే అంచున ఉన్నాయి. అవి ఎందుకు నిలవలేకపోతున్నాయో ఆ నేల మీద నిలబడి తెలుసుకోవాలని డిసెంబరులో బయలుదేరాను. తోడుగా మా మేనల్లుడు వచ్చాడు. కడపలో డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు. పిట్టల గొంతులు గుర్తుపట్టడంలో వాడి చెవి నా చెవి కంటే చురుకైనది.

మొదటి రోజు: రోళ్లపాడు

కర్నూలు నుంచి పొద్దున్నే బస్సెక్కి నందికొట్కూరులో దిగి, ఉగ్గాని తిని, ఆటో మాట్లాడుకొని మిడుతూరు మండలం వైపు సాగాం. జిల్లాల విభజన తర్వాత, 2022 నుంచి ఇది నంద్యాల జిల్లా. దారి పొడవునా పత్తి, జొన్న, శనగ చేలు. వాటి మధ్యలో ఒకచోట పైరు ఆగిపోయి, ఎండిన బంగారు రంగు గడ్డి మొదలైంది. అదే అభయారణ్యం.

"ఇక్కడికి వచ్చినవాళ్లు మొదట అడిగేది, అడవి ఎక్కడ సార్ అని" అన్నాడు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లిన అటవీశాఖ వాచర్. పెద్ద చెట్లు లేవు, కొండలు లేవు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా రేగు పొదలు, తంగేడు. ఎటు చూసినా ఆకాశం నేలను తాకేదాకా చూపు ఆనుతుంది. బట్టమేక పిట్టకు కావలసింది సరిగ్గా ఇదే. తల ఎత్తితే నాలుగు దిక్కులా శత్రువు కనపడాలి. తల దించితే మిడతలు, పురుగులు, తొండలు, రాలిన రేగుపండ్లు దొరకాలి. మనిషి నడుము దాటే ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు. ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు, అదీ గూడు కూడా లేకుండా వట్టి నేల మీద. కుక్కో నక్కో ఆ గుడ్డు తింటే, గొర్రెల మంద తొక్కితే, ఆ ఏడాదికి ఆ తల్లి కష్టమంతా వృథా.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడ మకాం వేసి ఏళ్ల తరబడి ఈ పక్షిని అధ్యయనం చేశారు. వానాకాలంలో మగపక్షి గొంతు సంచిని ఉబ్బించి, దూరానికి వినిపించే గంభీరమైన కూత కూస్తూ ఆడపక్షిని పిలిచేదని ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు దేశం మొత్తంమీద స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు 150కి మించి లేవని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాయి. రోళ్లపాడులో వాటి జాడ దాదాపు చెరిగిపోయింది.

గడ్డి మధ్య కృష్ణజింకలు మాత్రం మందలుగా కనిపించాయి. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ముల మగవి రెండు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి కొలుచుకుంటున్నాయి. మేనల్లుడు చూపు తిప్పుకోలేకపోయాడు. కానీ ఈ జింకలే ఇక్కడి కథను మలుపు తిప్పాయి. రక్షణ దొరికాక వాటి సంఖ్య బాగా పెరిగింది. అవి రాత్రిళ్లు కంచె దాటి చేలల్లో పడ్డాయి. అంచున శనగ వేసుకున్న ఒక రైతును పలకరిస్తే కడుపులో మాట చెప్పాడు.

"పిట్టతో మాకు ఏనాడూ తగాదా లేదయ్యా. అది పురుగు తిని పోయేది. మా నాయన కాలంలో గొర్రుతో జొన్న విత్తుతుంటే వెనకాలే నడిచేదట. ఈ జింకలతోనే చావు. రాత్రంతా మంచె మీద టార్చిలైటు పట్టుకొని కూర్చోవాలి. నష్టపరిహారం కోసం తిరిగితే ఛార్జీలకే సరిపోతుంది."

ఆయన మాటలో నాకు తప్పు కనిపించలేదు. అభయారణ్యం వల్ల నష్టపోయినవాడికి సకాలంలో పరిహారం అందకపోతే, ఆ కోపం చివరికి ఏ పాపం ఎరుగని పిట్ట మీదకే మళ్లుతుంది. పైగా బట్టమేక ఆరు వందల హెక్టార్లలో ఒదిగి ఉండే పక్షి కాదు. గుడ్డు పెట్టడానికి కంచె లోపలికి వచ్చినా, మిగతా కాలమంతా చుట్టూ ఉన్న మెట్ట చేలలో, బీళ్లలో తిరిగేది. ఆ బీళ్లు ఇప్పుడు లేవు. కాలువలు, బోర్లు వచ్చాక వర్షాధారపు జొన్న, కొర్ర, వేరుశనగ పోయి, ఏడాదంతా తడి ఉండే పైర్లు వచ్చాయి. వాటితో పురుగుమందులూ వచ్చాయి. కంచె లోపల ఎంత జాగ్రత్త పడినా బయటి నేల మారిపోతే పిట్టకు బతుకు లేదు.

ఇంకొక గండం తీగలు. బట్టమేకకు ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. బరువైన శరీరంతో ఎగురుతూ కరెంటు తీగను చివరి క్షణంలో చూసి పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఇలా చనిపోతున్నాయని వచ్చిన కేసులో, వాటి ఆవాసాల్లో తీగలను భూమిలోపల వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, ఎక్కడ సాధ్యమో తేల్చే పని నిపుణుల కమిటీకి అప్పగించింది. మన దగ్గర కూడా ఇదే మెట్ట ప్రాంతంలో, ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఎండను కరెంటుగా మార్చుకోవడం ఈ దేశానికి అవసరం, అందులో నాకు సందేహం లేదు. కానీ పార్కుకు స్థలం వెతికినప్పుడల్లా గడ్డిభూమిని "పనికిరాని భూమి" ఖాతాలో వేయడం చూస్తే బాధ కలుగుతుంది. మొక్కలు నాటే కార్యక్రమాలదీ ఇదే తీరు. గడ్డి మైదానంలో చెట్లు పెంచితే బట్టమేకకు ఇల్లు కూల్చినట్టే.

సాయంత్రం ఐదు దాటాక వాచర్ మమ్మల్ని ఒక దిబ్బ పక్కన కూర్చోమన్నాడు. మొదట ఒక హ్యారియర్ గద్ద వచ్చింది. సన్నటి పొడవాటి రెక్కలు, గడ్డి మీద రెండడుగుల ఎత్తులో తేలుతున్నట్టు సాగింది. తర్వాత ఇంకొకటి, తర్వాత అన్ని వైపుల నుంచీ. ఇవి మధ్య ఆసియా వైపు నుంచి చలికాలానికి వచ్చే పక్షులు. పగలంతా చుట్టుపక్కల చేలలో మిడతలను పట్టుకు తిని, చీకటి పడేవేళకు రోళ్లపాడు గడ్డిలోనే దిగి, నేల మీదే పడుకుంటాయి. ఇంత పెద్ద సామూహిక విడిది మన దేశంలో చాలా కొద్దిచోట్ల మాత్రమే ఉంది. మేనల్లుడు లెక్కపెట్టడం మొదలుపెట్టి కాసేపటికి మానేశాడు.

"మామా, బట్టమేక లేదు కాబట్టి ఈ అభయారణ్యం ఎందుకు అంటే ఏం చెప్పాలి?" అని అడిగాడు.

"వీటిని చూపించు" అన్నాను. ఇంకొక జవాబు కూడా ఉంది. జైసల్మేర్ దగ్గర 2019 నుంచి అడవిలో సేకరించిన గుడ్లను పొదిగించి బట్టమేక పిల్లలను పెంచుతున్నారు. ఆ పిల్లల సంతతిని ఏదో ఒకనాడు పాత నెలవుల్లో వదిలే రోజు వస్తే, వదలడానికి గడ్డి ఉండాలి కదా. రోళ్లపాడును అప్పటిదాకా గడ్డిగానే ఉంచడం చిన్న పని కాదు.

రెండో రోజు: నీళ్ల దారి

ప్రయాణంలోనే గడిచింది. ఆత్మకూరు, వెలుగోడు మీదుగా నంద్యాల, అక్కడి నుంచి ఆళ్లగడ్డ, మైదుకూరు దాటి కడప. తూర్పున నల్లమల తోడుగా వస్తూనే ఉంది.

వెలుగోడు జలాశయం దగ్గర మాత్రం దిగి కట్ట మీద కాసేపు నిలబడ్డాం. శ్రీశైలం నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు ఇక్కడ నిలిచి, తెలుగుగంగ కాలువగా దక్షిణానికి పోతాయి. బ్రహ్మంగారి మఠం దగ్గరి జలాశయం, ఆపైన నెల్లూరు జిల్లాలో సోమశిల, కండలేరు, చివరికి చెన్నై నగరం. దారిలో సీమ పొలాలకూ తడి అందుతుంది. అనంతపురం జిల్లాలో పుట్టి, వేసవిలో బిందెడు నీళ్ల కోసం మా అమ్మ బావి దగ్గర వరసలో నిలబడటం చూస్తూ పెరిగినవాణ్ణి. ఈ కాలువ వద్దనే మాట నా నోట రాదు. రాయలసీమలో ఎవరి నోటా రాదు. అయితే రేపు మేము వెళ్లబోయే చిట్టడవికి పెద్ద ముప్పు తెచ్చిపెట్టినదీ ఇదే కాలువ. కట్ట మీద నిలబడినంతసేపూ ఆ రెండు నిజాలూ పక్కపక్కనే నా మనసులో మెదిలాయి.

మూడో రోజు: లంకమల అంచు

కడప నుంచి సిద్ధవటం వెళ్లాం. పెన్న ఒడ్డున కోట గోడలు ఎండకు మెరుస్తున్నాయి. ఎదురుగా లంకమల కొండలు. ఆ కొండల్లో లంకమల్లేశ్వరుడి గుడి, నిత్యపూజకోన ఉన్నాయి. శివరాత్రికి జనం కాలినడకన వెళ్తారు. పైన కొండ మీద ఎర్రచందనం అడవి, కింద కొండ పాదాల దగ్గర తుమ్మ, రేగు, కలివి పొదల చిట్టడవి. కలివి కోడి ఉండేది ఆ కింది భాగంలోనే, అంటే పొలాలకు, కట్టెలకు, కాలువలకు, రోడ్లకు అందరికీ చేతికందే చోట.

ఈ పిట్ట కథ తెలిసినవాళ్లకు కూడా మళ్లీ చెప్పాలనిపిస్తుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ సేకరించిన నమూనా ద్వారా 1848లో ఇది శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో మా అనంతపురం దగ్గర ఒకరు చూసినట్టు నమోదైంది. ఆ తర్వాత మళ్లీ ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఈ లంకమల ప్రాంతంలో, రెడ్డిపల్లె దగ్గర దాన్ని తిరిగి కనుగొన్నారు. ఆయనకు దారి చూపింది ఊరి మనుషులే. రాత్రిపూట వేటకు వెళ్లేవాళ్లకు ఆ పిట్ట తెలుసు. ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పక్షి మన పల్లెల్లో పేరుతో సహా బతికే ఉంది. రెండేళ్లకే అభయారణ్యం వచ్చింది.

పిట్ట చిన్నది, జానెడు కంటే కాస్త ఎక్కువ ఉంటుందేమో. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు, గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ, రాత్రి చూపుకు తగిన పెద్ద కళ్లు. పగలు పొద కింద కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక నడిచి తిరుగుతుంది. మనిషి అలికిడి వింటే ఎగరడం కంటే నడిచి తప్పుకోవడమే దానికి ఇష్టం. అలాంటిదాన్ని వెతకడం ఎలా? 2000 తర్వాత జగన్నాథన్ తదితర పరిశోధకులు ఇక్కడ పాటించిన పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, చదును చేసి, తెల్లారి వచ్చి అడుగుజాడలు చూసేవాళ్లు. వెనక వేలు లేని మూడు వేళ్ల జాడ పడితే, అక్కడ దానంతటదే ఫొటో తీసే కెమెరా పెట్టేవాళ్లు. ఆ పిట్ట కూతను కూడా ఆ కాలంలోనే రికార్డు చేశారు.

ఆ పరిశోధనలో తేలిన ఒక విషయం కాపాడాలనుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది. హెక్టారుకు రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోటే కలివి కోడి ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అంటే పొదలు నరికేసి మైదానం చేస్తే పోతుంది. ఎవరూ అడుగు పెట్టకుండా దట్టంగా పెరగనిచ్చినా పోతుంది. నడవడానికి దానికి ఖాళీ కావాలి. ఆ ఖాళీని ఇంతకాలం నిలబెట్టినవాళ్లలో మేకలు తోలుకొచ్చేవాళ్లూ, వంటచెరకుకు కొమ్మలు కొట్టుకునేవాళ్లూ ఉన్నారు. మితం దాటితే వాళ్లే ముప్పు, మితంలో ఉంటే వాళ్లే కాపలా. ఆ మితం ఎంతో కొలిచి, ఊరివాళ్లతో కూర్చుని ఒప్పందానికి రావడం కంచె వేయడం కంటే కష్టమైన పని. నా దృష్టిలో అసలు పని అదే.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కోసం యంత్రాలు ఈ చిట్టడవిలోకి వచ్చి పొదలను పెళ్లగించాయి. ఏళ్ల తరబడి అడుగుజాడలు వెతికిన పరిశోధకులే దాన్ని గమనించి అభ్యంతరం చెప్పారు. విషయం సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మార్చారు. నాకు ఇక్కడ కనిపించింది ఒక పెద్ద ధైర్యం. కాలువ ఆగిపోలేదు, కాస్త పక్కకు జరిగింది. నీళ్లా పిట్టా తేల్చుకోమని మనల్ని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నే సరికాదని చెప్పడానికి మన కడప జిల్లాలోనే ఆధారం ఉంది. పటం గీసే రోజునే పిట్ట ఎక్కడుందో అడిగి ఉంటే ఆ కొద్ది పొదలు కూడా పోయేవి కావు.

సూర్యాస్తమయం తర్వాత లోపలికి అనుమతి లేదు. అందుకే అటవీశాఖ బీట్ సిబ్బంది చెప్పిన మేరకు అభయారణ్యం అంచున ఉన్న బండిబాట మీద కూర్చున్నాం. పొద్దు గుంకిన ముప్పావు గంటకు కలివి కోడి కూయడం మొదలుపెడుతుందని, అదీ కొద్ది నిమిషాలేనని రికార్డులు చెబుతున్నాయి. "ట్విక్-టూ, ట్విక్-టూ" అన్నట్టు రెండు విరుపుల కూత. ఫోన్లు ఆపేశాం. తీతువు ఒకటి అరిచి పోయింది. నైట్‌జార్ పిట్ట గొంతు మేనల్లుడు చటుక్కున గుర్తుపట్టాడు. దూరంగా రోడ్డు మీద లారీల మోత. మేము విందామనుకున్న కూత మాత్రం వినిపించలేదు. 2009 ప్రాంతం తర్వాత పదేళ్లకు పైగా నిపుణులకే దాని జాడ చిక్కలేదు. ఒక సాయంత్రం కూర్చున్నంత మాత్రాన మాకు దక్కుతుందని ఆశపడలేదు. కానీ అది బతికిన చోట, అది కూసే వేళలో చెవులు రిక్కించి కూర్చోవడం నాకు గుడికి వెళ్లినంత పని.

నాలుగో రోజు: పగటి వెలుగులో

పొద్దున మళ్లీ అదే దారికి వెళ్లాం. రాత్రి చీకటిగా కనిపించిన పొదల మధ్య ఎర్రటి గులకనేల, చెదల పుట్టలు, మేకల గిట్టల గుర్తులు. బీట్ ఉద్యోగి ఒకాయన మాతో నడిచాడు. ఆయన రాత్రుళ్లలో ఎక్కువ భాగం ఎర్రచందనం దొంగల కోసం కాపలా కాయడానికే సరిపోతుంది. కొండ మీద బేస్ క్యాంపులో వంతులవారీగా ఉంటారు. "దుంగలు మోసేవాళ్లు గుంపుగా వస్తారు సార్. మేము నలుగురం ఉంటాం. పిట్ట కోసం ప్రత్యేకంగా తిరగాలంటే మనుషులు కావాలి" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒకే సిబ్బంది దొంగలనూ పట్టి, మంటలనూ ఆర్పి, పిట్ట కూతలనూ నమోదు చేయాలంటే ఏదీ పూర్తిగా జరగదు. రాత్రి పక్షుల గణన ఒక్కటే పనిగా, ఊరి కుర్రాళ్లకు జీతమిచ్చి నేర్పించే బృందం ఈ అభయారణ్యానికి కావాలి. 1986లో ఈ పిట్ట జాడ చెప్పినవాళ్ల మనవలు ఇక్కడే ఉన్నారు.

బాట మలుపులో మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఎదురయ్యాడు. మేనల్లుడు ఫోనులో కలివి కోడి బొమ్మ చూపించి, "తాతా, దీన్ని ఎప్పుడైనా చూశారా?" అని అడిగాడు. ఆయన చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు చూశానన్నాడు, పొదల్లో పరుగెత్తేదన్నాడు. "ఈ మధ్య చూడలేదు నాయనా. చూడలేదంటే లేదని కాదు. నాకే చూపు తగ్గింది" అన్నాడు. వాడు ఆయన ఊరి పేరు, ఆయన చెప్పిన చోటు పుస్తకంలో రాసుకున్నాడు. తన కళాశాల అధ్యాపకులకు చూపిస్తానన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. రోళ్లపాడుకు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి, సాయంత్రం గద్దలు దిగే వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. గడ్డిలోకి అడుగు పెట్టకండి, నేల మీద పడుకునే పక్షులను లేపినట్టవుతుంది. లంకమలకు ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, ఎండాకాలం వెళ్లకపోవడం మంచిది. కలివి కోడి కూతను ఫోనులో వేసి పిట్టను రప్పించే ప్రయత్నం దయచేసి చేయకండి. మిగిలినవి కొన్నే అయినప్పుడు వాటిని కంగారు పెట్టే హక్కు మనకు లేదు. ఒకవేళ కూత వింటే కదలకుండా ఉండి రికార్డు చేయండి. తేదీ, సమయం రాసుకొని నేరుగా కడపలోని అటవీశాఖ కార్యాలయంలో ఇవ్వండి. ఏ చోట విన్నారో మాత్రం ఇంకెవరికీ చెప్పకండి.